కిస్తీ వారం వారం, పంట ఆరు నెలలకు

(వరంగల్‌లో జరిగిన మహిళా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లోపలికి వస్తుంటే గేటు దగ్గర ఒక చెల్లె నన్ను ఆపి అడిగింది. "అక్కా, మా ఊళ్లె లోనోళ్లు తిరుగుతున్నరు. పది మంది జమైతే మనిషికి ముప్పై వేలు ఇస్తమంటున్నరు. తీసుకోమంటవా, వద్దంటవా?" అని. లోపల మాట్లాడేది దాని గురించే, కూసో చెల్లె అని చెప్పి వచ్చిన. ఈ సభలో కూర్చున్న వాళ్లలో సగం మందికి ఇదే ప్రశ్న ఉండి ఉంటది. అందుకని ఇవాళ నేను ఆ ఒక్క ప్రశ్నకే జవాబు వెతుకుతాను.

చిన్న రుణాల మీద రెండు రకాల మాటలు వింటుంటాం. ఒకాయన వచ్చి, ఆడవాళ్లకు నాలుగు పైసలు అప్పిస్తే చాలు, వ్యాపారం పెట్టి కుటుంబాన్ని పైకి తెస్తారు అంటాడు. ఇంకొకాయన వచ్చి, ఈ గ్రూపు లోన్లన్నీ ఉరితాళ్లు, దగ్గరికి పోవద్దు అంటాడు. మన ఊళ్లల్లో రెండూ జరిగినయి. ఎక్కడ మేలు జరిగింది, ఎక్కడ కీడు జరిగింది, తేడా ఎక్కడ వచ్చింది అనేది చూడాలి.

ముందు మేలు గురించి చెప్తాను. ముప్పై, నలభై ఏండ్ల కింద బ్యాంకు గడప తొక్కిన ఆడమనిషి ఊరికి ఒక్కరు కూడా లేరు. 1982లో డ్వాక్రా పథకం మొదలైంది. 1992లో నాబార్డు, సంఘాలకు బ్యాంకు అప్పులిచ్చే లింకేజీని ప్రయోగంగా మొదలుపెట్టింది. అదే రోజుల్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. సారాకు పోయే రూపాయిని దాచుకుందామని ఆ జిల్లాలో పొదుపు ఉద్యమం లేచింది. 2000లో సెర్ప్ ఏర్పడింది. వెలుగు, ఇందిరా క్రాంతి పథం అని పేర్లు మారినా ఊరూరా సంఘాలు, గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు నిలబడ్డాయి. సంతకం చెయ్యడం, తీర్మానం రాయడం, మేనేజర్ ఎదురుగా కుర్చీలో కూర్చొని మాట్లాడటం ఇవన్నీ మనం అక్కడే నేర్చుకున్నాం. ఇది చిన్న విషయం కాదు. ఇవాళ ఈ మైకు ముందు నిలబడి మాట్లాడుతున్న నేను కూడా మొదట సంఘం మీటింగులోనే నోరు తెరిచిన.

ఆ అప్పులతో వ్యాపారాలు నిలబడ్డ ఇండ్లు కూడా ఉన్నాయి. బస్టాండ్ల దగ్గర టిఫిన్ బండ్లు, ఊళ్లల్లో కిరాణా దుకాణాలు, కుట్టుమిషన్లు, కూరగాయల గంపలు, పాడి బర్రెలు మన కండ్ల ముందే కనిపిస్తున్నాయి. ఇవి ఎందుకు నిలబడ్డాయో లెక్క చూద్దాం.

టిఫిన్ బండి తీసుకోండి. పొద్దున ఐదు గంటలకు పిండి రుబ్బితే పదకొండు గంటల వరకు గల్లాలో పైసలుంటాయి. రేపటి రవ్వకు, పల్లీలకు, గ్యాసుకు తీసి పక్కన పెడితే మిగిలింది ఆ రోజు కష్టఫలం. పైసలు దినాం వస్తాయి కాబట్టి వారం కిస్తీ ఆమెకు పెద్ద బరువు కాదు. రోజుకు వంద పక్కకు వేస్తే వారానికి ఏడు వందలు. కిస్తీ ఆమె రాబడితో కలిసి నడుస్తుంది.

ఇప్పుడు పాడి బర్రె తీసుకోండి. 60 వేల అప్పు, రెండేండ్ల గడువు, నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి అనుకుందాం. నెల కిస్తీ 3,172 రూపాయలు అవుతుంది. బర్రె పూటకు మూడు లీటర్ల చొప్పున రోజుకు ఆరు లీటర్లు ఇస్తున్నదనుకోండి. లీటరు 50 లెక్కన 300. దాణా, గడ్డి, మందులు పోను సగం మిగిలితే నెలకు 4,500. కిస్తీ కట్టినా ఇంట్లోకి పదమూడు వందలు మిగులుతాయి. చూస్తే బాగానే ఉంది. కానీ బర్రె పన్నెండు నెలలూ పాలియ్యదు కదా. ఎండిపోయినంక మళ్లీ ఈనేదాకా మూడు నెలలో, నాలుగు నెలలో గడుస్తాయి. అప్పుడు పాలుండవు, గడ్డి ఖర్చు ఉంటుంది, కిస్తీ ఉంటుంది. నాలుగు నెలల కిస్తీలే 12,688 రూపాయలు. దానికోసం పాలిచ్చే రోజుల్లోనే దాచిపెట్టుకోవాలి, లేదంటే ఒకటి ఎండినప్పుడు ఇంకోటి పాలిచ్చేలా రెండు బర్రెలుండాలి. ఈ ఏర్పాటు లేని ఇంట్లో బర్రె ఎండిన రెండో నెలలోనే దాన్ని సంతకు తోలుకుపోతారు. అప్పు మాత్రం కొట్టంలోనే ఉంటుంది. ఇదే 60 వేలు బ్యాంకు లింకేజీలో ఏడాదికి 7 శాతం మీద వస్తే నెల కిస్తీ 2,686. నెలకు 486 తేడా, రెండేండ్లకు 11,600 పైచిలుకు. ఆ తేడా బర్రె ఎండిన నాలుగు నెలల కిస్తీలను దాదాపు దాటిస్తుంది. మిత్తి రేటు ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

కుట్టుమిషన్‌కు ఇంకో బాధ. పండుగలకు, పెండ్లిళ్లకు చేతి నిండా పని, మిగతా రోజుల్లో ఖాళీ. బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని సంఘాలకు ఇచ్చినప్పుడు చూశాం కదా. ఆర్డరు ముందే చేతిలో ఉంటే మిషను అప్పు దానంతట అదే తీరుతుంది. మన కొత్తవాడ శతరంజీల సంగతీ అంతే. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు దేశమంతా తెలుసు. అయినా నేసిన సరుకు కొనేవాళ్లుంటేనే నూలు అప్పు తీరుతుంది. ముందు గిరాకీ ఉండాలి, అప్పు దాని వెనక రావాలి.

ఈ లెక్క నా ఒక్కదాని అనుభవం కాదు. హైదరాబాద్‌లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరి కొందరు ఆర్థికవేత్తలు 104 బస్తీల్లో పరిశీలన చేశారు. లాటరీ తీసినట్టు సగం బస్తీలను ఎంచుకొని, అక్కడ ముందుగా సూక్ష్మ రుణాల శాఖలు తెరిపించారు. మిగతా బస్తీలతో పోల్చి చూశారు. అప్పటికే దుకాణం నడుపుకుంటున్న వాళ్లు పెట్టుబడి పెంచారు. వాళ్లలో బాగా నడుస్తున్న కొద్ది మందికి లాభం పెరిగింది. కానీ సగటు కుటుంబం ఖర్చు పెట్టే స్థాయి మారలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడమనిషి మాట చెల్లుబాటు కావడంలో మార్పు కనిపించలేదు. ఆ ఇద్దరికీ తర్వాత 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు పెట్టిన మహమ్మద్ యూనస్‌కు 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు, అప్పిస్తే పేదరికం పోతుందని లోకమంతా అన్నది. మన రాష్ట్రంలో, మన బస్తీల్లో చూస్తే లెక్క అంత తేలికగా తేలలేదు. నడుస్తున్న బండికి అప్పు పనికొచ్చింది. బండే లేని వాళ్లను అది నడిపించలేదు.

ఇక ఎవుసం దగ్గరికి వద్దాం. ఈ సభ పెట్టుకున్నది దానికోసమే.

మన ఊళ్లల్లో గ్రూపు లోను ఫారం మీద ఏం రాస్తారు? కిరాణం అని రాస్తారు, బర్రె అని రాస్తారు, గాజుల దుకాణం అని రాస్తారు. పైసలు ఎటు పోతాయి? జూన్‌లో అయితే పత్తి విత్తనాలకు, ఆగస్టులో అయితే యూరియాకు, మిర్చి నారుకు, పురుగు మందుకు పోతాయి. మిగిలితే బోరు రిపేరుకో, ఆస్పత్రికో, బిడ్డ పెండ్లికో పోతాయి. ఇక్కడ కూర్చున్న వాళ్లలో ఎవరింట్లో గ్రూపు లోను చేనుకు పోలేదో చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మన ఇంటి వ్యాపారం ఎవుసమే కదా.

కానీ కిస్తీ లెక్క చూడండి. చెల్లె అడిగిన ముప్పై వేలే తీసుకుందాం. 50 వారాలు, వారానికి 675. జూన్ మొదట్లో తీసుకొని పత్తి గింజలు పెట్టింది అనుకోండి. మొదటి ఏరు పత్తి అమ్ముకొని పైసలు కండ్ల చూసేసరికి నవంబర్ వస్తుంది. అప్పటికి 22 వారాలు గడిచినయి. 22 సార్లు 675 అంటే 14,850. చేను ఒక్క పైసా ఇయ్యకముందే తీసుకున్న దాంట్లో సగం తిరిగి కట్టేసింది. ఆ పైసలు ఎక్కడివి? కలుపు కూలీ పైసలు, పిల్లల ఫీజు పైసలు. అవీ సరిపోకపోతే ఇంకో కంపెనీ లోను. రెండో దాని కిస్తీకి మూడోది. మూడోదానికి గిరిగిరి.

గిరిగిరి అంటే మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పది వేలని రాసుకుంటాడు, వెయ్యి ముందే కోసుకొని తొమ్మిది వేలు చేతిలో పెడతాడు, దినాం వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తాడు. రోజు రోజుకూ అసలు తగ్గుతూ పోతుంది కదా, అది లెక్కలోకి తీసుకుంటే నెలకు నూటికి ఆరు రూపాయల మిత్తి దాటుతుంది.

మిత్తి మాట వచ్చింది కాబట్టి ఇంకో కిటుకు చెప్పాలి. పది వేల లోనుకు వారానికి 225 చొప్పున 50 వారాలు కట్టమంటారు. మొత్తం 11,250. మిత్తి 1,250, అంటే సుమారు రూపాయి మిత్తే కదా అనిపిస్తుంది. చెప్పేవాడూ అట్లనే చెప్తాడు. కానీ ఆ పది వేలు ఏడాదంతా మీ దగ్గర లేవు. మొదటి వారం నుంచే తిరిగి ఇస్తున్నారు. సగం ఏడాది అయ్యేసరికి సగం అసలు ఇచ్చేశారు. సగటున చూస్తే ఏడాది పొడుగునా మీ చేతిలో ఉన్నది ఐదు వేలే. ఐదు వేల మీద 1,250 అంటే రెండు రూపాయల మిత్తి. ప్రాసెసింగ్ ఫీజు, బీమా పేరు మీద ముందే కోసుకున్నది కలిపితే ఇంకా పెరుగుతుంది. పేరుకు రూపాయి, మనం కట్టేది రెండు రూపాయలు. బ్యాంకులో పంట రుణం సకాలంలో కడితే ఏడాదికి నూటికి 4 రూపాయలు. మన లెక్కలో నెలకు 33 పైసల మిత్తి. అదే చేనుకు 33 పైసల అప్పు ఉండగా ఆడమనిషి రెండు రూపాయల అప్పు ఎందుకు తెస్తున్నది?

ఎందుకంటే ఆ 33 పైసల అప్పు పట్టా పాస్‌బుక్కు ఉన్నవాళ్లకే. కౌలుకు చేసేవాళ్లకు లేదు. భూమి మామ పేరునో, భర్త పేరునో ఉన్న ఆడవాళ్లకు లేదు. 2011లో కౌలు రైతుల కోసం భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. రుణ అర్హత కార్డులు ఇవ్వాలని అందులో ఉంది. తెలంగాణ వచ్చిన తర్వాత దాన్ని పక్కన పెట్టారు. 2018లో వచ్చిన రైతుబంధు కూడా పట్టాదారుకే పోయింది, కౌలుదారుకు రాలేదు. బ్యాంకు మూసిన తలుపు ముందు నుంచి లేచి కౌలు రైతు పోయేది రెండే చోట్లకు. ఒకటి ఎరువుల దుకాణం సేటు దగ్గరికి, రెండు భార్య సంఘం దగ్గరికి. సేటు అప్పు ఇస్తాడు, పంట తనకే అమ్మమంటాడు. సంఘం అప్పు ఇస్తుంది, పది మంది ఆడవాళ్లు జామీను ఉంటారు. అట్ల ఎవుసం నష్టం మెల్లగా ఇంటి ఆడమనిషి పేరు మీదికి, ఆమె పక్కింటి ఆడవాళ్ల మీదికి బదిలీ అయింది.

ఈ సంగతి సర్కారు లెక్కల్లో ఎక్కడా కనిపించదు. 2024 జూలై, ఆగస్టు నెలల్లో రెండు లక్షల వరకు పంట రుణాలు మాఫీ అయినయి. మంచిదే, మనం కొట్లాడి సాధించుకున్నదే. కానీ ఒక చేను గట్టు మీద నిలబడి చూడండి. అదే నేల, అదే విత్తనం, అదే యూరియా బస్తా. పాస్‌బుక్కు మీద తెచ్చిన పైసలతో కొంటే అది పంట రుణం, మాఫీ లిస్టులో పేరుంటుంది. ఆడమనిషి గ్రూపులో తెచ్చిన పైసలతో కొంటే అది వ్యాపార రుణం, ఏ లిస్టులోనూ ఉండదు. పంట పోయిన ఏడు కూడా ఆమె కిస్తీ కట్టాల్సిందే.

ఇది మనకు కొత్త కాదు. 1997-98లో పత్తి మీద పురుగు పడి, మందులు పని చెయ్యక, వరంగల్ జిల్లా రైతుల చావులు దేశమంతా తెలిసినయి. ఆ రోజు చనిపోయిన రైతుల ఇండ్లల్లో దొరికినవి ఎక్కువగా పురుగుమందుల దుకాణాల బాకీ చీటీలు. పదమూడేండ్లకు, 2010లో, వాటి పక్కన వారం కిస్తీల కార్డులు కూడా చేరినయి. సంఘం అప్పు ఉన్న ఆడవాళ్లకే ప్రైవేటు కంపెనీలు ఒకదాని మీద ఒకటి అప్పులిచ్చినయి. అంతకు ముందు 2006లోనే కృష్ణా జిల్లాలో ఇదే గొడవై కలెక్టర్ శాఖలు మూయించారు. ఎవరూ పాఠం నేర్చుకోలేదు. 2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్‌కు ఎక్కింది. రెండు నెలలకు, అక్టోబర్‌లో, రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. తర్వాత 2011లో అది చట్టమైంది. జిల్లాలో నమోదు కాకుండా అప్పు ఇవ్వొద్దు, కిస్తీ గ్రామ పంచాయతీ దగ్గరో, బహిరంగ స్థలంలోనో తీసుకోవాలి, అసలును మించి మిత్తి వసూలు చెయ్యొద్దు అని అందులో రాశారు.

ఆ చట్టంతో వేధింపులు ఆగినయి. అదే సమయంలో ఇంకోటి కూడా జరిగింది, అది కూడా మనం ఒప్పుకోవాలి. కంపెనీల అప్పు ఆగితే అవసరం ఆగలేదు. ఆ ఖాళీని కొంత స్త్రీనిధి పూడ్చింది. 2011లోనే అది మొదలైంది, సంఘాల సొంత పైసలు, సర్కారు పైసలు కలిపి నడుస్తున్నది. మిగతా ఖాళీలోకి గిరిగిరి వాళ్లు వచ్చారు. వడ్డీ లేని రుణం అన్నారు. ఆ మిత్తి పైసలు సర్కారు ఏండ్ల తరబడి సంఘాల ఖాతాల్లో జమ చెయ్యలేదు, మనమే ముందు కట్టి ఎదురు చూశాం. చట్టం తలుపు మూస్తుంది కానీ పైసలు పుట్టించదు. ఇప్పుడు ఆ తలుపు కూడా తెరుచుకుంది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. ఇప్పుడు మనకు మిగిలింది రిజర్వు బ్యాంకు నిబంధనలే.

ఆ నిబంధనలు 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. మనకు పనికొచ్చేవి చెప్తాను, గుర్తు పెట్టుకోండి. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి ఏ తాకట్టూ లేకుండా ఇచ్చేదే సూక్ష్మ రుణం. ఇంట్లో ఉన్న అన్ని అప్పుల నెల కిస్తీలు కలిపి నెల ఆదాయంలో సగం దాటొద్దు. మిత్తి ఎంత, ఫీజు ఎంత, మొత్తం ఎంత కట్టాలి అని ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. లోను కార్డు మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ముందే అప్పు తీర్చేస్తే జరిమానా వెయ్యొద్దు. వసూలు అందరూ ఒప్పుకున్న చోటనే చెయ్యాలి. వరుసగా రెండు సార్లో, అంతకన్నా ఎక్కువో ఆ చోటికి రాకపోతేనే ఇంటికి రావాలి. పొద్దున 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తర్వాత వసూలు కోసం ఫోన్ చెయ్యొద్దు. బూతులు తిట్టొద్దు, చుట్టాలకు చెప్పి పరువు తియ్యొద్దు. ఇవన్నీ మన హక్కులు. ఎవరైనా రాత్రి పూట వాకిట్లో కూర్చుంటే నలుగురు కలిసి ఈ మాటలు అడగండి.

అయితే కిస్తీలు మిత్తి మీద పాత పరిమితిని ఈ నిబంధనలే తీసేసినయి. ఇంకో లోపం కూడా ఉంది. నెల ఆదాయంలో సగం అన్నారు. పత్తి రైతుకు నెల ఆదాయం ఏది? ఏడాదికి రెండు, మూడు సార్లు మార్కెట్లో కాంటా మీద పైసలు వస్తాయి. మిర్చి రైతు ఆగస్టులో నారు నాటితే ఫిబ్రవరి, మార్చిలో ఎనుమాముల యార్డులో బస్తాలు దింపుతాడు. ఆ ఏడాది పైసలను పన్నెండుతో భాగిస్తే కాగితం మీద నెల ఆదాయం వస్తుంది. ఇంట్లో డబ్బాలో రాదు.

మరి దారి లేదా? ఉన్నది. చాలా దూరం పోనక్కర్లేదు, భీమదేవరపల్లి మండలం ముల్కనూరు పోయి చూడండి. అప్పట్లో కరీంనగర్ జిల్లా, ఇప్పుడు మన హనుమకొండ జిల్లా. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు అక్కడ రైతులతో సహకార గ్రామీణ బ్యాంకు పెట్టించారు. అప్పు ఇచ్చి ఊరుకోలేదు. ఎరువు అమ్మింది, పంట కొన్నది, వడ్లను విత్తనంగా శుద్ధి చేసి అమ్మింది. తర్వాత 1990ల్లో ఈ రెండు జిల్లాల ఊళ్లల్లో సహవికాస సంస్థ తోడ్పాటుతో మహిళా పొదుపు సంఘాలు మొదలైనయి. వాటి పద్ధతి తిరగేసి ఉంటుంది. ముందు నెల నెలా దాచుకోవాలి. ఆ దాచుకున్న పైసల్లోంచే అప్పు తీసుకోవాలి. బయటి పైసల కోసం చెయ్యి చాపొద్దు. మిత్తి ఎవరికి పోతుంది? మళ్లీ సభ్యులకే. అప్పు ఎంత ఇవ్వాలో, ఎప్పుడు కట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? ఆమె చేను, ఆమె బర్రె తెలిసిన పక్కింటి ఆడవాళ్లే.

అట్ల పొదుపు చేసిన ఆడవాళ్లే తర్వాత ముల్కనూరు మహిళా డెయిరీ పెట్టుకున్నారు. సభ్యులంతా ఆడవాళ్లే, పాలకవర్గమూ ఆడవాళ్లే. స్వకృషి పేరు మీద పాలు, పెరుగు అమ్ముతున్నారు. ఇందాక చెప్పిన బర్రె లెక్క గుర్తు తెచ్చుకోండి. ఒంటరిగా ఉన్న ఆడమనిషి బర్రెకు, డెయిరీ సభ్యురాలి బర్రెకు తేడా ఏంది? బర్రె ఒక్కటే. కానీ పాలు దినాం కొనేవాళ్లున్నారు, వెన్న శాతం ఆమె ముందే చూస్తారు, ఎండినప్పుడు అప్పు మాట్లాడుకోవడానికి తన సంఘం ఉంది, లాభం వస్తే తనకూ వాటా ఉంది. అప్పు అక్కడ నాలుగో మెట్టు. పొదుపు, సంఘం, మార్కెట్ ముందు మూడు మెట్లు. మిగతా చోట్ల మనల్ని నేరుగా నాలుగో మెట్టు మీద నిలబెడుతున్నారు.

అందుకని మన సంఘం ముందు కొన్ని పనులు పెడుతున్నాను. చర్చించి తీర్మానం చెయ్యండి.

ఒకటి. సాగు చేసేవాళ్లే రైతులు. కౌలు రైతుకు, భూమి పేరున లేని మహిళా రైతుకు సాగు ధ్రువీకరణ ఇచ్చి పంట రుణం ఇవ్వాలి. 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు పంట రుణానికి తాకట్టు అక్కర్లేదని రిజర్వు బ్యాంకే చెప్పింది. తాకట్టు వద్దన్నప్పుడు పాస్‌బుక్కు ఎందుకు అడుగుతున్నారని ప్రతి బ్యాంకు ముందు అడగాలి.

రెండు. సంఘాల ద్వారా చేనుకు పోయిన అప్పును పంట అప్పుగా లెక్కించాలి. దాని కిస్తీ పంట వచ్చిన తర్వాతే ఉండాలి. కరువొచ్చినా, వాన ముంచినా పంట రుణానికి ఇచ్చే వాయిదా దీనికీ ఇవ్వాలి.

మూడు. వడ్డీ లేని రుణాల మిత్తి పైసలు ఏ నెలకు ఆ నెల సంఘం ఖాతాలో పడాలి.

నాలుగు. ప్రతి ఊళ్లో మన సంఘం నుంచి ఇద్దరు, గ్రామ సమాఖ్య నుంచి ఇద్దరు కలిసి ఒక అప్పుల నోటుబుక్కు పెట్టాలి. ఏ ఇంట్లో ఎన్ని లోన్లు, ఏ కంపెనీ, మిత్తి ఎంత, కిస్తీ ఎప్పుడు. పరువు పోతుందని దాచుకోవద్దు. 2010లో మనల్ని ముంచింది ఆ దాపరికమే. పక్కింట్లో నాలుగు లోన్లున్నాయని చావు కబురు వచ్చిన తర్వాతే తెలిసింది.

అన్నలకు కూడా ఒక మాట. లోను ఆమె పేరున వచ్చింది కాబట్టి కిస్తీ ఆమెదే అనే పద్ధతి ఇంట్లో ఉంది. పత్తి పైసలు మీ జేబులోకి, గ్రూపు కిస్తీ ఆమె కొంగులోంచి. ఇది న్యాయం కాదు. మార్కెట్ నుంచి వచ్చిన రోజే ముందు ఆమె కిస్తీలు పక్కకు తీసి, ఆ తర్వాత మిగతా లెక్కలు చూడండి.

చివరగా గేటు దగ్గర అడిగిన చెల్లెకు జవాబు. నువ్వు ఎక్కడ కూర్చున్నవో నాకు కనిపిస్తున్నవు. తీసుకో అని నేను చెప్పను, వద్దు అని కూడా చెప్పను. ఫారం మీద సంతకం పెట్టేముందు ఇంట్లో కూర్చొని మూడు ప్రశ్నలు వేసుకో. మొదటి కిస్తీ ఎక్కడి నుంచి వస్తది? వాన పడని వారం, బర్రె ఎండిన నెల, ఒంట్లో బాగా లేని రోజు కిస్తీ ఎక్కడి నుంచి వస్తది? ఇదే పైసలు మన సంఘంలోనో, బ్యాంకులోనో తక్కువ మిత్తికి ఎందుకు దొరకలేదు? మొదటి రెండింటికి నీ దగ్గర జవాబుంటే తీసుకో, టిఫిన్ బండి పెట్టుకో, నేనొచ్చి మొదటి ఇడ్లీ తింట. ఆ రెండింటికి జవాబు 'ఇంకో లోను' అయితే ఆ ఫారం తిరిగి ఇచ్చెయ్. మూడో ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నువ్వు కాదు. దాన్ని బ్యాంకును, సర్కారును అడగాలి. అడగడానికి నువ్వొక్కదానివే పోవద్దు, అందరం కలిసి పోదాం.